డిస్కుల పోటీ, ఇంటి సినిమాల నిల్వ: ఎలమంచిలి ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

పరిచయం

చరిత్ర ఆధారాలు అనగానే శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, కైఫియతులు, ప్రభుత్వ దస్త్రాలు మనకు గుర్తుకు వస్తాయి. వాటి గురించి మీరు ముందటి పాఠాలలో చదివారు. ఈ పాఠంలో పరిశీలించబోయే ఆధారం మాత్రం మీ ఇంట్లోనే ఉండి ఉంటుంది. బహుశా బీరువాలో పట్టుచీరల కింద, కలరా ఉండల వాసన మధ్య ఉంటుంది. అది అక్క పెళ్ళి సీడీ కావచ్చు, మనవడి అన్నప్రాశన డీవీడీ కావచ్చు, నాన్నగారు ఇష్టపడి కొనుక్కున్న పౌరాణిక చిత్రాల వీసీడీల పెట్టె కావచ్చు. 1980ల తరువాత మూడు దశాబ్దాలపాటు మన మధ్యతరగతి ఇళ్ళు ఎలా ఉండేవో, పంక్తి భోజనాలు బఫేలుగా ఎప్పుడు మారాయో, పెద్దవాళ్ళు ఏ యాసలో మాట్లాడుకునేవారో ఈ డిస్కులు చూపించినంత స్పష్టంగా ఏ దస్త్రమూ చూపించదు. అయినా పురాభిలేఖాగారాల దృష్టి వీటిపై పెద్దగా పడలేదు.

ఇక్కడ రెండు ప్రశ్నలు వేసుకుందాం. చూడడానికి ఒకేలా ఉండే ఈ డిస్కులు ఇన్ని రకాలుగా ఎందుకు వచ్చాయి? వాటి మధ్య జరిగిన పోటీ వల్ల ఇంట్లోని సినిమాల భద్రతకు మేలు జరిగిందా, కీడు జరిగిందా?

పరిశీలనకు ఎలమంచిలి ప్రాంతాన్ని ఆధారంగా తీసుకున్నాను. హౌరా-చెన్నై రైలుమార్గం మీద, 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. వీడియో చరిత్రలో ఈ ఊరికి ప్రత్యేకమైన పేరేమీ లేదు. అయితే మన చర్చకు అవసరమైన రెండు విషయాలు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి: ఏటికొప్పాక లక్క, పంచదార్ల రాళ్ళు.

లక్కతో చేసిన డిస్కులు

వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, దానిపై రంగు కలిపిన లక్కను ఎక్కించి బొమ్మలు చేస్తారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ప్రపంచమంతటా ఇళ్ళలోకి చేరిన మొదటి డిస్కులు కూడా లక్కతోనే తయారయ్యాయి. 78 వేగపు గ్రామఫోను రికార్డులో లక్క, రాతి పొడి, మసి ప్రధాన పదార్థాలు. ఆ లక్కలో చాలా భాగం ఛోటానాగపూర్ వంటి మన అడవుల నుంచే ఎగుమతి అయ్యేది.

మొదటి ఫార్మాట్ పోటీ ఆనాడే జరిగింది. 1877లో ఎడిసన్ తయారుచేసిన ఫోనోగ్రాఫ్ శబ్దాన్ని స్తూపం మీద నమోదు చేసేది. 1887లో ఎమిలీ బెర్లినర్ చదునైన డిస్కుతో గ్రామఫోనును తెచ్చాడు. ఇక్కడ ఒక అంశాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. ఎడిసన్ మైనపు స్తూపం మీద ఇంట్లోవాళ్ళు తమ గొంతు తామే నమోదు చేసుకోగలిగేవారు. బెర్లినర్ డిస్కు మీద అది కుదరదు. కంపెనీ అచ్చుపోసి ఇచ్చినది కొనుక్కుని వినవలసిందే. కాని డిస్కును నాణెం ముద్రించినట్టు ఒకే అచ్చుతో వేలకొద్దీ తీయవచ్చు, ఒకదానిపై ఒకటి పేర్చి ఓడలో పంపవచ్చు. చివరికి గెలిచింది డిస్కే. 1929లో ఎడిసన్ సంస్థ స్తూపాల తయారీ మానేసింది. ఇంటివారి సొంత గొంతుకు చోటిచ్చిన పద్ధతి ఓడిపోయి, కంపెనీ సరుకుకు అనువైన పద్ధతి నిలిచింది. తరువాత వచ్చిన పోటీలను కూడా ఈ దృష్టితో చూస్తే చాలా విషయాలు అర్థమవుతాయి.

డిస్కులలోనూ ఐక్యత లేదు. సాధారణ డిస్కులో సూది అటూ ఇటూ కదిలితే, ఫ్రాన్సుకు చెందిన పాథే కంపెనీ డిస్కులో కిందికీ పైకీ కదిలేది. ఒకదాని యంత్రం మీద మరొకటి సరిగా పలకదు. 1948లో కొలంబియా సంస్థ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్‌పీని, మరుసటి ఏడాది ఆర్‌సీఏ సంస్థ 45 చుట్లు తిరిగే రికార్డును తెచ్చాయి. కొంతకాలానికి అన్ని వేగాలకూ పనికివచ్చే యంత్రాలు రావడంతో ఆ గొడవ సద్దుమణిగింది.

తెలుగువారి సినిమా చరిత్ర కూడా డిస్కుతోనే మొదలైందన్నది చాలామంది మరచిపోయే విషయం. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫోటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో క్రోనో మెగాఫోన్ అనే యంత్రాన్ని కొని దక్షిణాదిన, సింహళంలో, బర్మాలో ప్రదర్శనలు ఇచ్చారు. అందులో బొమ్మ ఫిల్ము మీద, శబ్దం డిస్కు మీద ఉండేవి. రెండూ కలిసి నడవాలి. డిస్కు విరిగితే బొమ్మ మూగదైపోతుంది. టాకీలు స్థిరపడే క్రమంలో శబ్దాన్ని ఫిల్ము అంచునే ముద్రించే పద్ధతి గెలవడంతో సినిమాహాలు నుంచి డిస్కు తప్పుకుంది. అది మళ్ళీ సినిమాను మోసుకుంటూ తిరిగి వచ్చినప్పుడు నేరుగా మన ఇళ్ళలోకే వచ్చింది.

క్యాసెట్టు, తరువాత వీసీడీ

సోనీ సంస్థ 1975లో బీటామాక్స్‌ను, జేవీసీ సంస్థ 1976లో వీహెచ్‌ఎస్‌ను విడుదల చేశాయి. బీటామాక్స్ బొమ్మ కొంత మెరుగు. కాని మొదటి క్యాసెట్టులో ఒక గంటే పట్టేది, వీహెచ్‌ఎస్‌లో రెండు గంటలు పట్టేది. పైగా జేవీసీ తన పద్ధతిని ఇతర కంపెనీలకు ధారాళంగా ఇచ్చింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల సందర్భంలో మన దేశంలో రంగుల టెలివిజన్ వచ్చింది. ఆ తరువాత వీడియో మన ఊళ్ళకు చేరేనాటికి ఫలితం దాదాపు తేలిపోయింది. సంక్రాంతికి, వినాయక చవితికి టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి వీధిలో తెల్లవార్లూ మూడు నాలుగు సినిమాలు వేసిన తరం ఇప్పుడు యాభై దాటింది. వాళ్ళకు తెలిసిన క్యాసెట్టు వీహెచ్‌ఎస్ ఒక్కటే.

పాఠ్యగ్రంథాలు ఈ కథను ఇక్కడితో ఆపుతాయి. ముగింపు కూడా చూడాలి. సోనీ బీటామాక్స్ క్యాసెట్ల అమ్మకాన్ని 2016 మార్చిలో ఆపింది. గెలిచిన వీహెచ్‌ఎస్ మాటేమిటి? వీసీఆర్‌లు తయారు చేస్తూ మిగిలిన చివరి కంపెనీ, జపానుకు చెందిన ఫునాయ్, అదే ఏడాది జూలైలో ఆ పని మానుకుంది. విజేతకూ పరాజితుడికీ మధ్య మిగిలిన తేడా నాలుగు నెలలు. దుకాణదారుడికి, నిర్మాతకు ఆ పోటీ ఎంతో ముఖ్యం. బీరువాలో పెళ్ళి క్యాసెట్టు దాచుకున్న ఇంటికి మాత్రం రెండు దారులూ ఒకే చోటికి చేరాయి.

ఫిలిప్స్, సోనీ, మాత్సుషిటా, జేవీసీ సంస్థలు 1993లో వీడియో సీడీ ప్రమాణాన్ని ప్రకటించాయి. సుమారు 74 నిమిషాల బొమ్మ మామూలు సీడీలో పడుతుంది. అమెరికా, జపాను దేశాల ఇళ్ళలో దీనికి ఆదరణ దక్కలేదు. చైనా, ఆగ్నేయాసియా, భారతదేశాలలో మాత్రం ఇదే రాజ్యమేలింది. చవక కావడం ఒక కారణం. తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాలలో వీడియో టేపుకు బూజు పట్టడం మరో కారణం. సముద్రానికి ఇంత దగ్గరలో ఉన్న ఎలమంచిలి, రాంబిల్లి వంటి చోట్ల టేపు బాధ పడినవారికి ఈ రెండో కారణం చెప్పనక్కరలేదు. మన సినిమాలు పొడవైనవి కనుక ఒక్కో చిత్రం రెండు డిస్కులలో వచ్చేది. మూడు గంటలు దాటే ‘మాయాబజార్’ వంటి చిత్రానికి మూడు కావాలి. రెండో సీడీ ఎవరో పట్టుకుపోతే కథ విశ్రాంతి దగ్గరే ఆగిపోయేది!

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. మా చెల్లెలి పెళ్ళి 1991లో జరిగింది. మా అమ్మ గొంతు నమోదైనది ఆ పెళ్ళి క్యాసెట్టులో ఒక్కచోటే. 2002లో దాన్ని వీసీడీగా మార్పించాను. చేతికి మెరిసే డిస్కులు రెండు రాగానే పాత క్యాసెట్టు ఇక ఎందుకని పారేశాను. చరిత్ర బోధించే మనిషిని, మూలప్రతిని పారేశాను! మన టీవీ పద్ధతి అయిన పాల్‌లో కనిపించే గీతలు 576. వీసీడీలో ఉండేవి 288. అంటే నిలువుగా సగం సమాచారం మార్పిడిలోనే పోతుంది. ఆ డిస్కులో అమ్మ గొంతు దక్కింది గాని ముఖం అలుక్కుపోయినట్టు ఉంటుంది. మారిన రూపం కొత్తదైనంత మాత్రాన మెరుగైనది కాదన్న సంగతి అప్పటికి నాకు తట్టలేదు.

డీవీడీ: పైన సంధి, కింద చీలిక

వీసీడీ మన దగ్గర వ్యాపిస్తున్న రోజులలోనే దాని తరువాతి డిస్కు కోసం జపాను, అమెరికా, ఐరోపా కంపెనీలు రెండు జట్లుగా చీలాయి. ఒకవైపు సోనీ, ఫిలిప్స్. మరోవైపు తోషిబా, టైమ్ వార్నర్, మాత్సుషిటా తదితరులు. మళ్ళీ బీటామాక్స్ గొడవ వస్తే ఎవరి డిస్కూ కొనబోమన్న ధోరణిలో కంప్యూటర్ కంపెనీలు ఒత్తిడి తెచ్చాయి. ఐబీఎం అధిపతి లూ గెర్‌స్ట్‌నర్ మధ్యవర్తిగా నిలిచారు. 1995లో రాజీ కుదిరింది. 0.6 మి.మీ. మందం గల రెండు పలకలను అతికించే పద్ధతి తోషిబా జట్టుది, సమాచారాన్ని సంకేతాలుగా మలిచే పద్ధతి సోనీ జట్టుది. 1996 నవంబరులో జపానులో డీవీడీ అమ్మకానికి వచ్చింది. ఒక పొరలో 4.7 జీబీ పడుతుంది. సీడీలో పట్టేది దాదాపు 700 ఎంబీ.

సినిమా డిస్కులలో కుదిరిన ఈ సంధి ఇంట్లో రాసుకునే డిస్కులలో కుదరలేదు. పయొనీర్ 1997లో డీవీడీ-ఆర్ తెచ్చింది. సోనీ, ఫిలిప్స్ తదితరుల జట్టు 2002లో డీవీడీ+ఆర్‌ను తెచ్చింది. పేరులో ఉన్న ఆ చిన్న గీత, ఆ చిన్న కూడిక గుర్తు పెళ్ళి వీడియోలు తీసేవారికి చాలాకాలం తలనొప్పిగా ఉండేవి. ఒక ఇంటి ప్లేయరులో ఆడిన డిస్కు వియ్యాలవారి ఇంట్లో ఆడేది కాదు. దీనికి తోడు, డిస్కు మీద రాయడం పూర్తయిందని చివర నమోదు చేయడం, అంటే ఫైనలైజ్ చేయడం మరిస్తే అది రాసిన యంత్రంలో తప్ప వేరేచోట తెరుచుకోదు. ఆ యంత్రం పాడైపోతే డిస్కు నిక్షేపంగా ఉన్నా చూసే దారి మూసుకుపోతుంది.

అమెరికాలో ఉన్న పిల్లలకు పెళ్ళి డీవీడీ పంపినవారికి ఇంకో చిక్కు ఎదురైంది. మన పాల్ పద్ధతిలో సెకనుకు 25 చిత్రాలు, అమెరికాలోని ఎన్‌టీఎస్‌సీలో దాదాపు 30. పాల్ డిస్కును అక్కడి మామూలు ప్లేయర్లు చాలావరకు ఆడించేవి కావు. దుకాణంలో అమ్మే సినిమాల డీవీడీలకైతే ప్రాంతాల తాళం కూడా ఉండేది. ప్రపంచాన్ని ముక్కలు చేసి ఇచ్చిన సంఖ్యలలో భారతదేశానికి 5 వచ్చింది. విదేశాలలోని తెలుగువారి కోసం వేసిన డిస్కులను ఎన్‌టీఎస్‌సీలో, తాళం లేకుండా వేయడం అందుకే వాడుక అయింది.

మన దేశంలో డిస్కు ధరను పడగొట్టింది మోసర్ బేర్. 1983లో ఢిల్లీలో మొదలైన ఈ కంపెనీ ఖాళీ డిస్కుల తయారీలో ప్రపంచంలోని పెద్ద సంస్థలలో ఒకటిగా ఎదిగింది. తరువాత సినిమాల హక్కులు కొని వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. అద్దెకు తెచ్చుకునే అలవాటు నుంచి కొని దాచుకునే అలవాటుకు మన ఇళ్ళు మారడంలో ఈ ధరల పాత్ర తక్కువేమీ కాదు. బస్టాండు పక్క బడ్డీలో అరటిపళ్ళ ధరకు సినిమా దొరికితే ఎవరు కొనరు? ఇంట్లో సినిమాల పెట్టెలు అప్పుడే నిండాయి. 2018లో ఆ కంపెనీ ఆస్తుల విక్రయానికి కంపెనీ లా ట్రిబ్యునల్ ఆదేశించింది.

ఈ వరుసలో ఆఖరి పోరు హెచ్‌డీ డీవీడీకి, బ్లూ-రేకు మధ్య 2006లో మొదలైంది. సీడీని చదివే కిరణం తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డీవీడీకి 650, ఈ రెండు కొత్త డిస్కులకు 405. కిరణం ఎంత సన్ననిదైతే అంత చిన్న గుంటలను చదవగలదు, అంత ఎక్కువ సమాచారం పడుతుంది. బ్లూ-రే పొరకు 25 జీబీ, హెచ్‌డీ డీవీడీ పొరకు 15. 2008 జనవరిలో వార్నర్ సంస్థ బ్లూ-రే వైపు మొగ్గింది. ఫిబ్రవరి 19న తోషిబా ఓటమిని ఒప్పుకుంది. ఎలమంచిలిలో ఈ యుద్ధం సంగతి తెలిసినవారు అరుదు. ఇక్కడ వీసీడీ నుంచి డీవీడీకి, అక్కడి నుంచి నేరుగా పెన్‌డ్రైవుకు వెళ్ళిపోయారు. రాయడానికి వాడే బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపివేసింది.

బీరువాలో ఏం జరుగుతుంది?

అచ్చు డిస్కుకు, రాసిన డిస్కుకు తేడా తెలిస్తే నిల్వ సమస్య సగం తెలిసినట్టే. దుకాణంలో కొన్న సినిమా డిస్కులో సమాచారం గుంటల రూపంలో ముద్రించి ఉంటుంది. పెళ్ళి డిస్కులో గుంటలు ఉండవు. ఒక సేంద్రియ రంగు పొర మీద కిరణం కాల్చిన మచ్చలు ఉంటాయి. ఎండ, వేడి, తేమ తగిలితే ఆ రంగు క్రమంగా వెలిసిపోతుంది. ఒకే అలమారలో ఉంచినా ఎక్కడైనా దొరికే సినిమా నిలిచి, ఇంకెక్కడా దొరకని పెళ్ళి ముందుగా పోయే అవకాశం ఎక్కువ.

గీతల సంగతి కూడా ఇలాంటిదే. సీడీలో సమాచారపు పొర పైభాగాన, పేరు రాసే వైపున, పలుచని వార్నిషు కింద ఉంటుంది. చాలామంది మెరిసే వైపును పసిపాపలా కాపాడి, పేరున్న వైపు బాల్‌పెన్నుతో గట్టిగా ‘పెళ్ళి-2’ అని రాస్తారు. సీడీకి ఆ రాతే ప్రమాదం. డీవీడీలో పొర రెండు పలకల మధ్య ఉంటుంది కనుక కొంత నయం. అయితే ఆ పలకల అతుకు ఊడినా, అంచు నుంచి తేమ చేరినా లోపలి లోహపు పొర చెడుతుంది. బ్లూ-రేలో పొర అడుగు ఉపరితలానికి 0.1 మి.మీ. లోతులోనే ఉంటుంది, అందుకే దానికి గట్టి పూత వేస్తారు.

డిస్కులను పుస్తకాల మాదిరి నిలువుగా, గట్టి పెట్టెలలో, ఎండ తగలని చోట పెట్టాలి. పెళ్ళి ఆల్బమ్ వెనక అట్టలో ఉండే ప్లాస్టిక్ జేబు వేడికి మెత్తబడి డిస్కుకు అంటుకుంటుంది. అందులోంచి తీసేయాలి. కాగితపు చీటీ అతికించవద్దు. తుడిస్తే గుండ్రంగా కాక మధ్య నుంచి అంచుకు తుడవాలి. ఈ జాగ్రత్తలు ఆయుష్షును పొడిగిస్తాయి గాని తుఫానును ఆపలేవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని దాటినప్పుడు కప్పులు ఎగిరిన ఇళ్ళలో ఆల్బములు, డిస్కులు తడిసి ముద్దయ్యాయి. ఉన్నది ఒకే ప్రతి అయితే బీరువా ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు.

డిస్కు బాగున్నా దాన్ని చదివే యంత్రం దొరకడం మరో సమస్య. ఈమధ్య ఒక దుకాణంలో అడిగితే, “ఇప్పుడు డీవీడీ ప్లేయర్ ఎక్కడుంది మాస్టారూ, పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, సినిమా వేసిస్తాను” అన్నాడు ఆ కుర్రాడు. నేను అడిగినది సినిమా కాదని చెప్పడానికి కొంతసేపు పట్టింది.

రాయి, ఆకు, నకలు

ఎలమంచిలికి సమీపాన రాంబిల్లి మండలంలోని పంచదార్లలో ధర్మలింగేశ్వరాలయం ఉంది. ఎలమంచిలి చాళుక్యుల శాసనాలు అక్కడి రాళ్ళ మీద ఉన్నాయి. ఆరు శతాబ్దాలు గడిచినా లిపి తెలిసినవారు ఏ యంత్రమూ లేకుండా కంటితో చదవగలరు. అదే కాలపు తాళపత్రాలు మన వాతావరణంలో అలా నిలవవు. పురుగు తింటుంది, అంచు విరుగుతుంది. అయినా నన్నయ, తిక్కనలు మనకు దక్కారు. కారణం ఆకు గట్టిదనం కాదు, తరతరానికీ ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకు మీద తిరిగి రాయడం. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ చేసినది కూడా అదే. పండితులకు, లేఖకులకు జీతాలిచ్చి ప్రతులు సేకరించి, పాఠాలు పోల్చి, నకళ్ళు రాయించాడు.

డిస్కు చూడడానికి రాయిలా గట్టిగా కనిపిస్తుంది, స్వభావంలో మాత్రం తాళపత్రానికి దగ్గర. కనుక దానికి తాళపత్రం పద్ధతే వర్తిస్తుంది. డిస్కు చదవగల కంప్యూటరు దొరికినప్పుడే వీసీడీలోని డీఏటీ ఫైళ్ళను, డీవీడీలోని వీఓబీ ఫైళ్ళను ఉన్నవి ఉన్నట్టుగా, కుదించకుండా హార్డ్‌డిస్కులోకి ఎక్కించాలి. ఫోనులో చూసుకోవడానికి చిన్న ప్రతి వేరే చేసుకోవచ్చు. హార్డ్‌డిస్కు కూడా చెడిపోయేదే కనుక రెండు ప్రతులు ఉండాలి, ఆ రెండూ ఒకే ఇంట్లో ఉండకూడదు. నకలు పూర్తిగా ఆడుతున్నదని మొదటి నుంచి చివరి వరకు చూశాక కూడా మూలాన్ని పారేయవద్దు. నేను చేసిన తప్పు పైన చెప్పాను.

మా చెల్లెలి పెళ్ళి వీసీడీలలో రెండోది 2015 నాటికి చదవడం మానేసింది. అమ్మ మాటలు అందులోనే ఉన్నాయి. ఆ డిస్కుకు నకలు ఎలమంచిలిలో మా బావ ఇంట్లో, దేవుడి గది పైఅరలో దొరికింది. ఆయన సరదాపడి అప్పట్లోనే ఇంకో ప్రతి వేయించుకున్నాడట. ఇప్పుడు అది మూడు ఇళ్ళలో ఉంది.

క్షేత్ర అభ్యాసం

మీ ఇంట్లోను, మీకు తెలిసిన మరో రెండు ఇళ్ళలోను ఉన్న డిస్కులకు ఒక పట్టిక తయారుచేయండి. డిస్కు రకం, దానిపై రాసిన మాటలు, తీసిన సంవత్సరం, ఊరు, ఆడుతున్నదీ లేనిదీ నమోదు చేయండి. ఆడుతున్న వాటిని ఇంటి పెద్దలతో కలిసి చూస్తూ, కనిపించే ప్రతి మనిషి పేరు, వరస, ఊరు అడిగి నిమిషాల లెక్కతో రాసుకోండి. ఈ పని ముందుగా చేయండి, సాంకేతిక వివరాలు తరువాత చూడవచ్చు. మా వీడియోలో అమ్మ పక్కనే కూర్చుని ఆమెతో ఏదో చెప్పి నవ్విస్తున్న ముసలమ్మలు ఇద్దరున్నారు. వాళ్ళెవరో ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.